జడివానకు దాచిన ఎండ

శ్రీకృష్ణదేవరాయలు రాజ్యమేలింది 1509 నుంచి 1529 వరకు. కళింగం దాకా దండు నడిపిన ఆ రాజు ‘ఆముక్తమాల్యద’లో ఒకచోట వంటింట్లోకి తొంగిచూస్తాడు. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు ఇంటికొచ్చిన వైష్ణవులకు ఏ కాలంలో ఏం వడ్డించేవాడో చెబుతాడు. వేసవిలో పలుచని అంబలి, చెరకుపాలు, లేత కొబ్బరినీళ్లు, నీరుమజ్జిగ. చలికాలంలో మిరియాల పొడి చల్లిన కూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్లు, ఊరగాయలు. జడి పట్టిన రోజుల్లో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పోపు కూరలు, వాటి సరసన వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి.

ఆ వరుగుల దగ్గర నేను ఆగిపోతాను. వానాకాలం విస్తట్లో వరుగు పడిందంటే, ఆ ఇంట్లో ఎవరో నాలుగు నెలల ముందే మిగిలిన కాయలు తరిగి ఎండబెట్టారన్నమాట. వాళ్ల పేరు ఏ శాసనంలోనూ ఉండదు. కానీ ఆ పని 500 ఏళ్ల కిందటే ఎంత మామూలో, రాయలవారి పద్యం సాక్ష్యం చెబుతోంది.

పెరటి పాదు కాసిందంటే ఒక్కసారిగా కాస్తుంది. తిన్నన్ని తిని, ఇరుగుపొరుగుకు పంచాక కూడా గోరుచిక్కుళ్లు, వంకాయలు, కాకరకాయలు మిగులుతాయి. గోరుచిక్కుళ్లకు ఈనెలు తీసి, ఉప్పునీళ్లలో ఒక పొంగు రానిచ్చి, నీళ్లు వార్చి పాత పంచె మీద పరుస్తారు. కాకర చక్రాలను ఉప్పేసిన పుల్లమజ్జిగలో నానబెట్టి మరీ ఎండేస్తారు. ఉప్పు కాయలోని నీటిని బయటికి లాగుతుంది, మజ్జిగ పులుపు చెడగొట్టే క్రిములను అణచిపెడుతుంది, మిగతా పని ఎండది. విరిస్తే పుటుక్కుమనాలి. లోపల కాస్త తడి మిగిలినా బూజు పట్టేస్తుంది. అందుకే రోహిణి కార్తె ఎండకు అంత విలువ. మబ్బు పట్టిన రోజున మొదలుపెడితే ముక్క ఎండేలోపే చెడుతుంది.

బూడిద గుమ్మడిది వేరే దారి. పైనున్న బూడిద లాంటి మైనపు పూత వల్ల ముదురు కాయ కోయకుండానే నెలల తరబడి నిలుస్తుంది. కోస్తే మాత్రం అంతా నీరే. ముక్కలకు ఉప్పు కలిపి గుడ్డలో మూటగట్టి, రాత్రంతా పైన బరువు పెడతారు. పొద్దున్నే రుబ్బిన మినప్పిండిలో కలిపి వడియాలు పెడతారు. అలా నీళ్ల కాయ ఏడాది సరుకైపోతుంది.

రాయలవారి వడ్డనలో కారానికి మిరియం, ఆవ ఉన్నాయి తప్ప మిరపకాయ లేదు. మిరప, టమాట అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చాయి. వచ్చిన వాటిని మన వంటిళ్లు పాత విద్యకే అప్పజెప్పాయి. మిరపకాయను చీల్చి మజ్జిగలో ఊరేసి చల్లమిరపకాయలు చేశారు. టమాటను తరిగి, ఉప్పు చల్లి ఒరుగులు చేశారు. కొత్త కాయకు కొత్త పద్ధతి వెతకాల్సిన అవసరమే రాలేదు.

ఈ విద్యను వట్టి రుచుల ముచ్చటగా చెప్పుకోవడం నాకు నచ్చదు. లేనివాళ్ల ఇళ్లలో ఇది ఆకలి రోజులకు ముందుచూపు. వేసవిలో దూసి ఎండబెట్టిన చింతచిగురు గుప్పెడు ఉంటే, కూర దొరకని పూట పప్పులోకి పులుపు దొరికేది. మామిడి ఒరుగులూ అంతే. తుఫాను గాలికి రాలిన పచ్చికాయలను పారేయకుండా చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పు, పసుపు పట్టించి ఎండేసేవారు. శ్రావణ మాసంలో రెండు ముక్కలు వేడినీళ్లలో నానేసి, కందిపప్పులో వేసి, ఇంగువ పోపు పెడితే ఆ పూటకు ఇంకో కూర అక్కర్లేదు.

ఇప్పుడూ ఇది సాధ్యమే. డాబా లేని ఫ్లాటులోనైనా ఎండ పడే బాల్కనీ ఉంటే చాలు. పళ్లెంలో పలుచగా పరిచి, పైన దోమతెర గుడ్డ కప్పి, సాయంత్రం మంచు తగలకుండా లోపలికి తెచ్చుకోవాలి. బాగా ఎండినవాటిని చల్లారాకే సీసాకెత్తాలి. వానల మధ్య ఎండ కాసిన రోజున ఒకసారి బయటపెడితే పురుగు పట్టదు.