ఆరో తరగతి ఫారంలో ఒక గడి

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరినాకే నేర్చుకున్నాను, అదీ కుప్పం స్టేషన్ బోర్డు చూసి మొదలుపెట్టి. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

1971 జూన్‌లో నాయన నన్ను ఆరో తరగతిలో చేర్చడానికి ధర్మపురిలో ఒక బడికి పిలుచుకొని పోయినాడు. "పార్ట్ వన్ ఏమి రాయను?" అని గుమాస్తా అడిగినాడు. "తెలుగు రాయవచ్చునా?" అన్నాడు నాయన. "రాయవచ్చు. చెప్పే అయ్యవారే లేడు." నాయన కొంచెంసేపు గమ్మున నిలబడి, "అయితే తమిళమే రాయండి" అన్నాడు.

ఆ గడికి పెద్ద చరిత్రే ఉంది. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో 125 బడుల్లో హిందీని నిర్బంధం చేసింది. అది ఫస్ట్ ఫారం మొదలు థర్డ్ ఫారం దాకా, అంటే ఇప్పటి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకే. జనం ఎదిరించి జైళ్లకు పోయినారు. 1940 ఫిబ్రవరిలో ఆ ఉత్తర్వు వాపసు అయింది. 1965లో మళ్లీ పోరాటం జరిగింది. 1968 జనవరి 23న, అన్నాదురైగారు ముఖ్యమంత్రిగా ఉండగా, అసెంబ్లీ రెండు భాషల తీర్మానం చేసింది. అప్పుడు కూడా మనవంటివారికి పార్ట్ వన్‌లో మాతృభాష తీసుకునే వీలుండేది.

2006 చట్టంతో అది మారింది. పార్ట్ వన్‌లో తమిళం తప్పనిసరి అయింది. మాతృభాష పార్ట్ ఫోర్‌లో, ఇష్టముంటే చదివే పాఠంగా మిగిలింది. చట్టం 2006–07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున 2011–12లో ఆరుకు, 2015–16లో పదికి చేరింది. ఆ తరువాత మన పిల్లలు మినహాయింపు కోసం కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానిని ఇంకొక సంవత్సరం పొడిగించింది.

తమిళం వద్దని నేను అనను. నాకు అన్నం పెట్టింది ఆ చదువే. నేను చెప్పేది వేరే. 2006లో చట్టం ఆ గడిని మార్చక ముందే, 1971లోనే మా నాయన దాన్ని పోగొట్టుకున్నాడు. కాగితం మీద హక్కు ఉండింది, బడిలో అయ్యవారు లేడు. రాజ్యాంగం 350ఎ కూడా మాతృభాషలో బోధన గురించి చెప్పేది ప్రాథమిక దశకే. ఆరో తరగతికి వచ్చేసరికి మనమే నోరు తెరిచి అడగాలి.

కాబట్టి ఈ జూన్‌లో పిల్లలను చేర్చేటప్పుడు మాతృభాష అన్నచోట తెలుగు అని రాయించండి. పార్ట్ ఫోర్ కావాలని మనవి రాసి ఇవ్వండి. ఒక ఇల్లు అడిగితే అయ్యవారిని వేయరు. పది ఇండ్లు కలిసి అడిగితే, సంఘం ముందు నిలిస్తే, ఆలోచిస్తారు.

మా నాయన ఒంటరిగా అడిగినాడు. అందుకే ఆ రోజు గమ్మున నిలబడవలసి వచ్చింది.