మందలో కొత్త గొర్రెలను కలపడం

వానకాలం వరి కోతలు అయ్యాక ఖాళీ అయిన మళ్లలోకి గొల్ల, కురుమల మందలు దిగుతాయి. పలువురి జీవాలు ఒకేచోట మేసే ఈ చలికాలంలో, కొన్న గొర్రెలను పాత మందలో కలపడం జాగ్రత్తగా చేయాల్సిన పని. జగిత్యాల జిల్లా ముత్యంపేట వంటి వరి, చెరకు ఊళ్లలో రైతులు ఎరువు కోసం పొలంలో మంద పెట్టించుకోవడం పాత అలవాటు.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీతో కొత్త గొర్రెలను కలపడం ఇంటింటి సమస్య అయింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్. 75 శాతం సబ్సిడీ ఇచ్చారు. జీవాలను పొరుగు రాష్ట్రాల నుంచి తెచ్చారు. లారీలో అలసిన జీవానికి రోగం తొందరగా అంటుతుంది. అందుకే మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, నట్టల మందు తాగించి, పారుడు రోగం టీకా వేయించాలి. ముక్కు కారుతున్నా, పారుతున్నా కలపకూడదు.

గొర్రె తోటిదాన్ని వాసనతో కూడా పోల్చుకుంటుంది. అందుకే విడిగా ఉంచే గడువు ముగిశాక, మొదట కంచెకు ఇటూ అటూ కట్టి అలవాటు చేస్తారు. పొట్టేళ్లదే అసలు చిక్కు: నాలుగడుగులు వెనక్కి జరిగి, తల వంచి ఉరికి ఢీకొంటాయి. పరుగుకు జాగా లేని ఇరుకు దొడ్డిలో ఒక రాత్రి కలిపి ఉంచితే ఆ దెబ్బలో బలం తగ్గుతుంది.

విడిగా ఉంచే ఆ వారాలను మాత్రం ఎవరూ తగ్గించుకోవద్దు. ఒక్క రోగపు గొర్రెతో పక్కవాళ్ల మందలూ పోతాయి.