గెలవని గుర్రానికీ ధర కట్టిన పందెం

ప్రాణంలేని పాచికలతో ఆడేది ద్యూతమనీ, ప్రాణులను పోటీకి దించి పణం ఒడ్డేది సమాహ్వయమనీ మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం విడదీసి చెప్పింది. ఆ రెండింటినీ రాజ్యంలో లేకుండా చేయాలని మనువు శాసించగా, జూదశాల నడిపే సభికుడు రాజరక్షణలో ఉంటూ గెలుపు సొమ్మునుంచి నూటికి ఐదో పదో తీసుకోవచ్చునని యాజ్ఞవల్క్యుడు అనుమతించి, ప్రాణుల పందేలకూ ఆ విధినే వర్తింపజేశాడు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకొని కేతన 13వ శతాబ్దంలో విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగులో వెలయించాడు. పందెపు సొమ్ములో నిర్వాహకుడి వాటా ఎంత, దానికి పూచీ ఎవరిది అన్న ప్రశ్నలు ఇంత పాతవే అయినా, ఓడినా రెండో మూడో స్థానంలో నిలిచిన ప్రాణిమీద ఒడ్డిన సొమ్ముకు ప్రతిఫలం చెల్లించే ఏర్పాటు మాత్రం ఆధునిక గుర్రప్పందేలతోనే వచ్చింది.

స్థానానికి బహుమతి ఇవ్వడం వేరు, స్థానంమీద పందెం కాయడం వేరు. సంక్రాంతికీ గ్రామదేవతల తీర్థాలకీ ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎడ్లబండ్ల పరుగులతోపాటు గుర్రాల పరుగులు కూడా జరిగే ఆచారం ఉంది; వాటిలో మొదటి, రెండవ, మూడవ బహుమతులను ఉత్సవ కమిటీలు ముందుగానే ప్రకటిస్తాయి. ఆ సొమ్ము గుర్రపు యజమానికి చేరుతుంది. గట్టుమీద నిలబడి చూసేవాడు తన డబ్బుతో ఆ రెండో స్థానాన్ని కొనుక్కోగలగాలంటే, ఎన్ని గుర్రాలు పరుగెత్తితే ఎన్ని స్థానాలకు, ఏ లెక్కన చెల్లించాలో చెప్పే కట్టుబాటు ఒకటి కావాలి.

ఆ కట్టుబాటు ఇంగ్లండులో ఏర్పడింది. అక్కడి తొలి పందేలు ఎక్కువగా ఇద్దరు యజమానుల మధ్య రెండు గుర్రాలతో జరిగేవి కాబట్టి వాటిలో స్థానమనే ప్రసక్తికి తావులేదు. 1776లో సెయింట్ లెజర్, 1780లో డెర్బీ మొదలై అనేక గుర్రాలు ఒకేసారి పరుగెత్తడం, బలమైన గుర్రానికి ఎక్కువ బరువూ బలహీనమైనదానికి తక్కువ బరువూ మోపి అవకాశాలను సమంచేసే హ్యాండికాప్ పందేలు 18వ శతాబ్దం చివరి దశకంనుంచి ప్రాచుర్యంలోకి రావడం, ప్రతి గుర్రానికీ ఒక రేటు ప్రకటించి అందరి పందేలనూ తానే స్వీకరించే బుకీ అనే వృత్తిదారుడు దాదాపు అదే కాలంలో న్యూమార్కెట్‌లో తలెత్తడం, ఇవన్నీ కలిసి పరిస్థితిని మార్చాయి. ఇరవై ముప్పై గుర్రాలున్న హ్యాండికాప్‌లో విజేతను పట్టుకోవడం దుర్లభం కాబట్టి, గెలిచే అవకాశం తక్కువై ఎక్కువ రేటున్న గుర్రంమీద పందెగాడు ధైర్యంచేసి డబ్బు పెట్టాలంటే అతనికి కొంత రక్షణ చూపవలసివచ్చింది. ఈచ్ వే పందెం ఆ రక్షణకే పుట్టింది.

ఈచ్ వే అన్నది ఒక పందెంగా కనిపించినా నిజానికి సమానమైన రెండు పందేలు: ఒకటి గుర్రం గెలుస్తుందని, రెండవది అది నిర్ణీత స్థానాల్లో నిలుస్తుందని. స్థానపు భాగానికి గెలుపు రేటులో కొంత భిన్నాన్ని మాత్రమే చెల్లిస్తారు. బ్రిటన్‌లో స్థిరపడిన పద్ధతి ప్రకారం ఐదునుంచి ఏడు గుర్రాలున్నప్పుడు రెండు స్థానాలకు నాలుగో వంతు రేటు, ఎనిమిదీ అంతకుమించీ ఉన్నప్పుడు మూడు స్థానాలకు ఐదో వంతు రేటు ఇస్తారు. హ్యాండికాప్‌లలో పన్నెండునుంచి పదిహేను ఉంటే మూడు, పదహారూ ఆపైన ఉంటే నాలుగు స్థానాలకు నాలుగో వంతు లెక్కిస్తారు. ఒకటికి పది రేటున్న గుర్రంమీద గెలుపుకు 100, స్థానానికి 100, మొత్తం 200 రూపాయలు పెట్టి ఐదో వంతు లెక్క కడితే, గుర్రం గెలిచినప్పుడు గెలుపు భాగంనుంచి 1100, స్థానపు భాగంనుంచి 300 కలిసి 1400 చేతికొస్తాయి. రెండో మూడో స్థానంలో ఉంటే 300 మాత్రమే వస్తాయి, అంటే 100 లాభం. అదే గుర్రం రేటు ఒకటికి నాలుగైతే స్థానంలో నిలిచినా చేతికొచ్చేవి 180 రూపాయలే కాబట్టి, గుర్రం బాగా పరుగెత్తిన రోజున కూడా పందెగాడికి 20 రూపాయలు పోతాయి. ఐదో వంతు లెక్కలో ఒకటికి ఐదు, నాలుగో వంతు లెక్కలో ఒకటికి నాలుగు రేటు దగ్గర మాత్రమే స్థానపు రాబడి పెట్టిన మొత్తాన్ని సరిగ్గా తిరిగి తెస్తుంది. ఈ హద్దు తెలియనివారే ఫేవరెట్ గుర్రాలమీద ఈచ్ వే కాసి రక్షణ కొన్నామనుకుంటారు; ఈ విషయంలో ఇంతకంటె ముఖ్యమైన లెక్క మరొకటి లేదు.

ఈ భిన్నాలు గుర్రాల అసలు బలాబలాలను కొలిచి కట్టినవి కావు, గుర్రాల సంఖ్యనుబట్టి స్థిరపరచుకున్న మోటులెక్కలు. అందువల్ల సరిగ్గా ఎనిమిది గుర్రాలుండి వాటిలో ఒకటి మిగతావాటికంటె ఎంతో బలమైనదైన పందెంలో, రెండో మూడో గుర్రానికి దక్కే స్థానపు రేటు న్యాయమైనదానికంటె మిన్నగా ఉండి బుకీకే నష్టం కలిగించవచ్చు. ఆ ఎనిమిదింటిలో ఒకటి చివరి నిమిషంలో తప్పుకొని ఏడు మిగిలితే మూడో స్థానం పూర్తిగా రద్దవుతుంది.

ఫ్రాన్సులో 1860వ దశకంలో జోసెఫ్ ఓలె రూపొందించిన ఉమ్మడి పందెపు పద్ధతి మరో దారి చూపింది. అందులో బుకీ ఉండడు. అందరి సొమ్మునూ ఒకచోట చేర్చి, పన్నునూ నిర్వహణ వాటానూ తీసివేసి, మిగిలినదాన్ని గెలిచినవారికి పంచుతారు. ఆ లెక్కను యంత్రంచేత చేయించిన జార్జ్ జూలియస్ టోటలైజేటర్ 1913లో న్యూజీలాండ్‌లోని ఎలర్స్‌లీ మైదానంలో మొదలైంది. టోట్ అని క్లుప్తంగా పిలిచే ఈ పద్ధతితో తెలుగువారి పరిచయం ప్రధానంగా హైదరాబాదులోని మలక్‌పేట మైదానంలో జరిగింది. నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, మౌలాలీనుంచి అక్కడికి తరలివచ్చిన పందేలు తరువాత ఆగిపోయి, హైదరాబాద్ రేస్ క్లబ్ ఆధ్వర్యంలో 1960వ దశకంలో తిరిగి మలక్‌పేటకు చేరాయి. అక్కడి కౌంటర్లలో విన్, ప్లేస్ టిక్కెట్లు విడివిడిగా దొరుకుతాయి, రెండో స్థానానికే ప్రత్యేకించిన ఎస్.హెచ్.పి. కూడా ఉంటుంది. ఈచ్ వే కావాలనుకున్నవాడు విన్ టిక్కెట్టొకటి, ప్లేస్ టిక్కెట్టొకటి కొనుక్కుంటాడు. ప్లేస్ సొమ్మును స్థానంలో నిలిచిన గుర్రాల మధ్య పంచవలసి ఉంటుంది కాబట్టి, మూడింటికి బదులు నాలుగింటికి పంచితే ఒక్కొక్కదాని డివిడెండు తగ్గుతుందన్న సంగతి బోర్డుమీదే కనిపిస్తుంది.

ఎక్స్‌ట్రా ప్లేస్ అని బ్రిటిష్ బుకీలు ప్రకటించే అదనపు స్థానపు ఆఫర్‌లో ఆ తగ్గుదల అంత తేలికగా కనిపించదు. పదహారు గుర్రాలకుమించిన హ్యాండికాప్‌లో మామూలుగా నాలుగు స్థానాలకు నాలుగో వంతు చెల్లించవలసినచోట, ఐదో ఆరో స్థానాలకు చెల్లిస్తామని ఆకర్షిస్తూ భిన్నాన్ని ఐదో వంతుకు తగ్గించడం, లేదా గెలుపు రేటునే కాస్త కుదించడం జరుగుతుంటుంది. ఒకటికి పన్నెండు రేటున్న గుర్రం స్థానంలో నిలిస్తే 100 రూపాయల స్థానపు భాగానికి పాత లెక్కన 400, కొత్త లెక్కన 340 వస్తాయి. అంటే ఐదో స్థానంలో నిలిచినప్పుడు దక్కే 340కి వెలగా, మొదటి నాలుగింటిలో నిలిచిన ప్రతిసారీ 60 రూపాయలు వదులుకోవాలి. భిన్నం, రేటు రెండూ చెక్కుచెదరకుండా స్థానం ఒక్కటే పెరిగితే పందెగాడికి నిజమైన మేలు జరుగుతుంది, కాని అప్పుడు కూడా గెలుపు భాగానికి ఒరిగేదేమీ లేదు. 2024నుంచి గరిష్ఠంగా 34 గుర్రాలకు పరిమితమైన గ్రాండ్ నేషనల్ వంటి పందేలకు ఈ ఆఫర్లు వెల్లువెత్తుతాయి. చివరి స్థానాన్ని రెండు గుర్రాలు సమంగా పంచుకుంటే పందెపు సొమ్మును సగానికి కుదించి లెక్కగడతారు కాబట్టి, అదనపు స్థానం దక్కినట్టే కనిపించి సగం చేజారే సందర్భాలూ ఉన్నాయి.

మొదట చెప్పుకున్న ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల విషయానికొస్తే, అవి మద్రాసు రాజధానిలో విశాఖపట్నం, గంజాం జిల్లాల భాగాలుగా ఉన్ననాటినుంచీ చట్టబద్ధమైన గుర్రప్పందెపు ఆవరణ వాటికి దూరంగానే ఉండిపోయింది. మద్రాసు గేమింగ్ చట్టం గుర్రప్పందెంమీద పణాన్ని, పందెం జరిగే రోజున, ప్రభుత్వానుమతితో కేటాయించిన ఆవరణలో అయితేనే జూదపు నిర్వచనంనుంచి మినహాయించింది. ఆ మినహాయింపు మద్రాసులోని గిండీ పందెపు మైదానానికి రక్షణ అయింది. 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో రమ్మీని నైపుణ్యంతో కూడిన ఆటగా గుర్తించిన సుప్రీంకోర్టు, 1996లో కె. ఆర్. లక్ష్మణన్ కేసులో గుర్రప్పందేలనూ అదే కోవలో చేర్చింది. రాష్ట్ర విభజనతో మలక్‌పేట తెలంగాణకు వెళ్లింది. ఆన్‌లైన్ పందేలను ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్ట సవరణద్వారా నిషేధించగా, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ కేంద్రం 2025 ఆగస్టులో చేసిన చట్టం నిషేధించింది. మైదానంలో కొనే టిక్కెట్టుపైన కూడా 2023 అక్టోబరు 1నుంచి పందెపు పూర్తి విలువమీద 28 శాతం, 2025 సెప్టెంబరు 22నుంచి 40 శాతం జీఎస్టీ పడుతోంది. యాజ్ఞవల్క్యుడు సభికుడికి అనుమతించినది గెలుపు సొమ్ములో వాటా కాగా, ఈ పన్ను గెలిచినవాడి సొమ్మూ ఓడినవాడి సొమ్మూ అన్న భేదం చూడదు.