ఆరడుగుల హీరో, అతకని రంగులు

అట్ట మీద ఒక అమ్మాయి. చెవుల దాకా కళ్లు, నడుము దాటిన జడ. వెనకాల మబ్బుల్లోంచి తొంగిచూసే మగమొహం, మూలన ఎర్ర గులాబీ. 1960ల నుంచి 80ల దాకా వచ్చిన తెలుగు ప్రేమ నవలల్లో ఇలాంటి అట్టలకు కొదవ లేదు. పైగా అచ్చులో బ్లాకు పిసరంత జరిగిందా, పెదవుల ఎరుపు వెళ్లి బుగ్గ మీద కూర్చునేది.

ఈ నవలలు చదివిన మార్కాపురం, గిద్దలూరు వైపు చూడండి. పలకల గనులు, వానను నమ్ముకున్న మెట్ట సేద్యం. నవలల్లోనేమో కార్లు, మేడలు, ఆరడుగుల హీరోలు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో రాజశేఖరం అలాంటివాడే. 1976లో ఆ నవల సినిమాగా వస్తే అక్కినేని ఆ వేషం కట్టారు. మన పలకల ఊళ్లో ఆ మేడ ఎక్కడుందని ఎవరూ అడగలేదు. లేదని తెలిసే చదివారు.

ఇలాంటి ఊళ్లలో నవల కొనేవాళ్లకన్నా అద్దెకు తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. అద్దె కొట్టుకు చేరిన పుస్తకానికి ముందు జరిగే పని కుట్టు. దబ్బనంతో పక్కన మూడు పోట్లు, పైన దళసరి అట్ట. బొమ్మ సగం కుట్టులోకి పోయేది, కొన్నిటికి అసలే కనపడేది కాదు. కాబట్టి పాఠకురాలి లెక్క వేరు. "అన్నా, యద్దనపూడిది కొత్తదేమన్నా వచ్చిందా?" అని రచయిత్రి పేరుతోనే బేరం మొదలు. తర్వాత చూసేది పుస్తకం అంచు. బొటనవేలి మురికితో నల్లబడి ఉంటే మంచి నవల. ఆఖరి పేజీ ఉందో లేదో చూసుకోకుండా తీసుకెళ్లడం అనుభవం లేనివాళ్ల పని. వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి కుట్టుకున్న నవలలకైతే అట్టే లేదు, వాటినీ ఇల్లిల్లూ తిప్పారు.

బొమ్మలు వేసినవాళ్లు మాత్రం ఆషామాషీ మనుషులు కారు. ఎమెస్కో పాకెట్ పుస్తకాలకు బాపు అట్టలు వేశారు. చక్రపాణి నడిపిన 'యువ' పత్రికకు ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య రంగులు ఎవరూ అనుకరించలేనివి. చంద్ర, బాలి లెక్కలేనన్ని కథలకు, నవలలకు బొమ్మలిచ్చారు. అమెరికాలో ఫాబియో అనే ఇటలీ మోడల్ జుట్టు విరబోసుకుని ప్రేమ నవలల అట్టలెక్కాడు. అతని మీద అక్కడా జోకులే. మనవాళ్లకు మోడలూ లేడు, స్టూడియో హంగూ లేదు. కుంచె, గడువు, అంతే.

నన్నడిగితే, ఈ అట్టలను వెక్కిరించినవాళ్లు చాలామంది నిజానికి వెక్కిరించింది వాటిని చదివే ఆడవాళ్లను. "వంటింటి సాహిత్యం" అన్నవాళ్లు లోపలి పేజీ తిప్పిందీ తక్కువే. పాఠకురాళ్లు అట్టను చూసి నవ్వుకున్నారు, పుస్తకం మాత్రం వదల్లేదు. ఆ రెండూ ఒకే మనిషి చేయగలదని విమర్శకులకు తట్టలేదు.

గ్రంథాలయాల్లో బైండు చేసేటప్పుడు ముందు పోయేది కూడా ఈ అట్టే. కేటలాగులో రచయిత పేరుంటుంది, చిత్రకారుడి పేరు కనపడదు. మీ ఇంట్లో అటక మీద పాత నవలల మూట ఉంటే కాగితాల కొట్టుకు తూకానికి వేసేముందు ఒకసారి విప్పండి. అట్ట మీద ఏ మూలనో చిన్న సంతకం ఉండొచ్చు. ఫోనులో ఫొటో తీసి, ఆ పేరు, నవల పేరు, అచ్చయిన సంవత్సరం రాసి పెట్టండి.