ఉచిత ప్రదర్శనకు వెల చెల్లించేదెవరు? – ఆరుబయలు వేదికల చరిత్రలో శిల్పారామం

వ్యాససంగ్రహం
తెలుగు నేలపై ఆరుబయట జరిగిన ఆటపాటలు చూసేవారికి ఉచితం. ఆడి పాడినవారికి మాత్రం ఎవరో ఒకరు పేరు చెప్పి చెల్లించారు. అగ్రహారం, త్యాగం, చందా అనే మూడు ఏర్పాట్ల నేపథ్యంలో హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని శిల్పారామం యాంఫీథియేటర్‌ను పరిశీలించి, ఆ బాధ్యత నేడు ఎవరిదో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆరుబయలు వేదిక, శిల్పారామం, కూచిపూడి, త్యాగం, చందా, శ్రీరామనవమి పందిళ్లు

1. ఉపోద్ఘాతం

మాదాపూర్‌లోని సైబర్ టవర్స్‌ను నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి 1998 నవంబరు 22న ప్రారంభించారు. దానికి నడకదూరంలో ఉన్న శిల్పారామం ఆలోచన అంతకు ఆరేళ్ల ముందుది, 1992 నాటిది. సుమారు 65 ఎకరాల రాతినేలలో చేతివృత్తులవారి కోసం ఒక పల్లెను నిర్మించాలన్నది నాటి రాష్ట్ర ప్రభుత్వ సంకల్పం. ఐటీ ఉద్యోగుల వారాంతపు విహారం కోసమే శిల్పారామం పుట్టిందనే భావన నేడు బలంగా ఉంది గాని, కాలక్రమం అందుకు విరుద్ధం. పల్లెను తలపించే తోట ముందు వచ్చింది. అద్దాల మేడల నగరం తరువాత వచ్చి దాన్ని చుట్టుముట్టింది.

ఆ తోటలో మెట్ల వరుసలపై కూర్చుని చూసే యాంఫీథియేటర్ ఉంది. శని, ఆదివారాల సాయంత్రాల్లోనూ పండుగ రోజుల్లోనూ అక్కడ కూచిపూడి, భరతనాట్యం, ఆంధ్రనాట్యం, పేరిణి, జానపద నృత్యాలు జరుగుతుంటాయి. తోటలోకి వెళ్లడానికి ప్రవేశ రుసుము ఉంది, ప్రదర్శనకు వేరే టికెట్టు లేదు. చూడడానికి చిన్నదైన ఈ తేడాయే ఈ వ్యాసానికి మూలం. ప్రేక్షకుడు చెల్లించే పైకం తోటకు చెందుతుంది, ఆటకు కాదు. అప్పుడు ఆటకు చెల్లించేదెవరు?

2. అగ్రహారం, త్యాగం, చందా

ఆరుబయలు ప్రదర్శనకు తెలుగు సాహిత్యంలో పాత సాక్ష్యాలకు కొదవ లేదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్ర పర్వతప్రకరణంలో శివరాత్రి శ్రీశైలాన్ని వర్ణిస్తూ యాత్రికుల మధ్య సాగే ఆటపాటలను వివరంగా పేర్కొన్నాడు. క్రీడాభిరామం ఓరుగల్లు వీధిలో పలనాటి వీరుల కథ పాడే స్త్రీని చూపింది (ఆ కావ్య కర్తృత్వ వివాదం ఇక్కడ అప్రస్తుతం). ఈ రెండింటిలోనూ ప్రేక్షకుడు దారినపోయేవాడు. నిలబడతాడు, వింటాడు, కదిలిపోతాడు. ఉచిత ప్రదర్శన లక్షణం ఇదే. రాజసభలో లేచి వెళ్లే స్వేచ్ఛ ఎవరికీ లేదు.

ఈ స్వేచ్ఛ వెనుక ఆర్థిక ఏర్పాటు ఎలా ఉండేదో తెలుసుకోవడానికి కూచిపూడి మంచి ఉదాహరణ. గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా నాట్యానికి ముగ్ధుడై కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చాడన్నది ఆ గ్రామ సంప్రదాయ కథనం. అది అక్షరసత్యమా కాదా అన్నది వేరే చర్చ. కథనం చెప్పుకొనే పద్ధతి ముఖ్యం. ఆటకు ప్రతిఫలం భూమి. భూమి ఉంది గనుక భాగవతులు ఊరూరా తిరిగి గుడి ముంగిట కాగడాల వెలుగులో రాత్రంతా ఆడగలిగారు, చూసినవారిని టికెట్టు అడగలేదు.

తెలంగాణ పల్లెల్లో ఏర్పాటు వేరు. చిందు యక్షగానం ఆడేవారికి దాతృకులం నుంచి రావలసింది దానం కాదు, హక్కు. ఏ మేళానికి ఏ ఊళ్లు అన్నది మిరాశీగా తరతరాలకూ నిర్ణయమై ఉండేది. ప్రదర్శనకు ఇచ్చే ప్రతిఫలానికి ‘త్యాగం’ అని పేరు. ఇచ్చేవాడి ఔదార్యాన్ని సూచించే మాట పుచ్చుకొనేవాడి హక్కుకు పేరు కావడం గమనించదగినది. ఆశ్రితకులాల వ్యవస్థలోని అణచివేతను ఈ మాట కప్పిపుచ్చకూడదు, నిజమే. అయితే త్యాగం ఎవరు ఇవ్వాలో ఊరందరికీ తెలుసు. ఇవ్వకపోతే అడిగే అధికారం కళాకారుడికి ఉండేది.

మూడోది చందా. తెలుగువారి అసలైన వేసవి సంగీతోత్సవం శ్రీరామనవమి పందిరి. చైత్రశుద్ధ పాడ్యమి మొదలు తొమ్మిది రాత్రులు తాటాకు పందిళ్ల కింద హరికథలు, బుర్రకథలు, పాటకచేరీలు సాగేవి. పానకం, వడపప్పు లాగే పాట కూడా వచ్చినవారందరికీ దక్కేది. వర్తకులు, వీధిపెద్దలు చందాలు వేసుకొని మేళాన్ని కుదిర్చేవారు. కథ మధ్యలో హారతిపళ్లెం తిరిగేది. చదివింపుల సమయంలో ఇచ్చినవారి పేరు, పైకం కథకుడే బిగ్గరగా ప్రకటించేవాడు. ఈ చదివింపుల ఆచారాన్ని మన విమర్శకులు రసభంగంగా చూశారు. నా దృష్టిలో అది బహిరంగ పద్దు. ఎవరు చెల్లించారో ప్రేక్షకులందరి ఎదుట నమోదయ్యేది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) వంటి మహావిద్వాంసుడు రాజాస్థానంలోనూ సామాన్య జనం మధ్యనూ అదే కథ చెప్పగలిగాడంటే, ఈ రెండో ఏర్పాటు కూడా కళాకారుణ్ణి పోషించగలిగినంత గట్టిది కావడమే కారణం.

3. తోటలు, వేదికలు

గోలకొండకు ఆవల ఇబ్రహీంబాగ్‌లో తారామతి బారాదరి ఉంది. పన్నెండు ద్వారాల ఆ కుతుబ్‌షాహీ మండపంలో తారామతి పాడితే గాలివాటున కోటలోని సుల్తానుకు వినిపించేదని ఐతిహ్యం. బహిరంగ ప్రదేశంలో ఒక్క శ్రోత కోసం జరిగిన గానం అది. క్షేత్రయ్య మేరువ పదంలో గోలకొండ పాదుషా ప్రస్తావన ఉండనే ఉంది. నేడు ఆ బారాదరి పక్కనే ఆరుబయలు రంగస్థలం నిర్మించారు.

నగరం లోపల 19వ శతాబ్దిలో ఏర్పడిన పబ్లిక్ గార్డెన్స్‌కు ‘బాగ్-ఎ-ఆమ్’ అని పేరు. సామాన్యుల తోట అని అర్థం. 1980లలో అందులోనే లలితకళాతోరణం అనే బహిరంగ రంగస్థలం వెలసింది. 2021లో ట్యాంక్‌బండ్‌పై ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపి బ్యాండు వాద్యాలు వినిపించిన కార్యక్రమం కూడా ఈ వరుసలోనిదే.

ఐటీ కారిడార్‌కు వస్తే పరిస్థితి తలకిందులవుతుంది. హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ 2024లో సత్వ నాలెడ్జ్ సిటీ ప్రాంగణంలో జరిగింది. దానికి ప్రవేశం ఉచితం, స్థలం ప్రైవేటుది. శిల్పారామం ప్రభుత్వానిది, అక్కడ ప్రవేశానికి రుసుము. బహిరంగం అనే మాట, ఉచితం అనే మాట ఒకదాన్నొకటి అంటిపెట్టుకొని ఉండేవి. సైబరాబాద్‌లో ఆ రెండూ విడిపోయాయి.

4. వేసవి సాయంత్రం, శిల్పారామం

మే నెలలో హైదరాబాద్‌లో సూర్యాస్తమయం సుమారు 6.40కి. పగలంతా కాగిన రాళ్లు చీకటిపడ్డాక కూడా వేడిని వదులుతూనే ఉంటాయి. అయినా దక్కన్ పీఠభూమిలో కోస్తా ఉక్కపోత లేదు, రాత్రి గాలి పొడిగా, హాయిగా తిరుగుతుంది. ఆరుబయలు ప్రదర్శనకు ఈ నేల అనుకూలం కావడానికి సగం కారణం ఇదే. క్యుములోనింబస్ మేఘాలు తెచ్చే అకాల వర్షం మాత్రం ఎప్పుడైనా ఆట ఆపగలదు. బడులకు సెలవులు కావడంతో ప్రేక్షకుల్లోనూ నర్తకుల్లోనూ పిల్లలు ఎక్కువ. 2019 మార్చి 20న మెట్రో రైలు హైటెక్ సిటీ దాకా రావడంతో అమీర్‌పేట వైపు నుంచి వచ్చే కుటుంబాలకు దారి సులువైంది.

ఈ వేదికపై ఏం జరుగుతోంది? సాధారణంగా ఒక నాట్యగురువు, శిష్యబృందం, గంటా గంటన్నర కార్యక్రమం. వినాయక కౌతం, బ్రహ్మాంజలి, జతిస్వరం, దరువు, తరంగం, మంగళం. వెంపటి చినసత్యం (1929–2012) తరంలో కూచిపూడి ఆరుబయలు విడిచి మద్రాసు సభామందిరాలకు చేరింది. రాత్రంతా సాగే కలాపం నుంచి విడి అంశాలు పుట్టుకొచ్చాయి. శిల్పారామంలో కూచిపూడి తిరిగి ఆకాశం కిందికి వచ్చింది. కాని తిరిగి వచ్చింది భామాకలాపం కాదు, అందులోని ప్రవేశదరువు ఒక్కటే. వేదిక పాతది, ప్రదర్శన స్వరూపం మందిరానిది. దీన్ని సంప్రదాయ పునరుద్ధరణ అని పత్రికలు రాస్తే ఒప్పుకోవడం కష్టం.

మరొక మార్పు ఇంతకన్నా గంభీరమైనది. ఇటువంటి కార్యక్రమాల్లో తరచు నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్ ముందే రికార్డు చేసినవి. నర్తకులు ఉన్నారు, గాయకులు లేరు. కూచిపూడి భాగవతుల మేళంలో వంత లేకుండా పాత్ర ప్రవేశించడం ఊహకందనిది. నలుగురు వాద్యకారులను ఒక సాయంత్రానికి పిలవడం ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు భరించే అగ్రహారం గాని, దాత గాని, చందా కమిటీ గాని ఇక్కడ లేదు. తోటకు టికెట్టు కొన్న సందర్శకుడు బొమ్మలు, రాళ్లు, బోటు షికారుతో పాటు నాట్యాన్ని కూడా ఆ టికెట్టులోనే చూస్తాడు. ఆట తోటకు ఒక అలంకారమైంది. పిల్లలకు నేర్పించి, దుస్తులు, ఆహార్యం సమకూర్చి తీసుకువచ్చే తల్లిదండ్రులే ఈ వేదికకు అసలు చందాదారులని నేను భావిస్తున్నాను. ఒకప్పుడు చదివింపుల్లో మొదట వినిపించవలసిన పేర్లు వారివే.

దీన్ని బట్టి ఈ వేదిక విలువ లేనిదనుకోవడం పొరపాటు. ఎన్నో భాషల వారు పనిచేసే ఈ ప్రాంతంలో కూచిపూడి పేరు మాత్రమే విన్న ఉద్యోగి కుటుంబంతో సహా మెట్లపై కూర్చుని తరంగంలో ఇత్తడిపళ్లెం మీది అడుగులను దగ్గరనుంచి చూడగల చోటు ఇది. క్రీడాభిరామంలోని బాటసారి వలె ఇష్టమైతే నిలబడతాడు, లేకపోతే వెళ్తాడు. సభామందిరం ఈ ప్రేక్షకుణ్ణి సంపాదించలేకపోయింది.

5. నమోదు సమస్య

చందాల పుస్తకాలు, చదివింపులు పాత ప్రదర్శనలకు ఆధారాలుగా మిగిలాయి. శిల్పారామం ప్రదర్శనలకు సులభంగా దొరికే ఆధారం దినపత్రికల జిల్లా పేజీల్లోని చిన్న వార్త. అది ఒకే మూసలో ఉంటుంది. గురువు పేరు, అంశాల జాబితా, ‘అలరించిన’ అనే క్రియ, శిష్యుల పేర్లు. దరువు ఎవరి రచన, పాడింది ఎవరు, సంగీతం ప్రత్యక్షమా రికార్డా, ప్రతిఫలం ఎవరిచ్చారు అన్నవి తరచు అందులో కనిపించవు. మన విశ్వవిద్యాలయాల్లో యక్షగాన వాఙ్మయంపై, జానపద కళారూపాలపై విలువైన సిద్ధాంతగ్రంథాలు వచ్చాయి. కళ్లెదుట ప్రతి వారాంతం జరుగుతున్న ఈ ప్రదర్శనపై అంతటి శ్రద్ధ పెట్టడం లేదు. ఇది ప్రాచీనమూ కాదు, జానపదమూ కాదు గనుక ఏ శాఖకూ చెందకుండా పోయింది.

ఇందుకు పెద్ద పథకమేమీ అవసరం లేదు. ఏప్రిల్, మే నెలల్లో శని, ఆదివారాలు కలిపి 16 నుంచి 18 వరకు వస్తాయి. పై నాలుగు ప్రశ్నలు రాసుకున్న పుస్తకంతో ఒక పరిశోధక విద్యార్థి ఆ సాయంత్రాలన్నీ అక్కడ గడిపితే, ఒక వేసవికి సంబంధించిన పూర్తి పద్దు చేతికి వస్తుంది.