అమ్ము విడువకముందే
విలువిద్యలో జాగ్రత్త: ఒక చారిత్రక పరిశీలన

సికింద్రాబాదు నుండి షామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్ళే రహదారిపై హకీంపేటలో ప్రభుత్వ క్రీడా పాఠశాల వున్నది. 1993లో స్థాపించబడిన ఈ సంస్థ నాల్గవ తరగతి నుండే పిల్లలను చేర్చుకుంటుంది. 2016లో ఏర్పడిన మేడ్చల్ - మల్కాజిగిరి జిల్లాలో వున్న ఈ పాఠశాలలో నేర్పే క్రీడలలో విలువిద్య ఒకటి. పసితనంలోనే ఇల్లు విడిచి వచ్చిన బిడ్డ చేతికి విల్లు అందించేవారు మొట్టమొదట ఏమి నేర్పాలి? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఇస్లామీయ చరిత్రలో దీనికి పధ్నాలుగు శతాబ్దాల నాడే సమాధానం లభించింది.

విలువిద్యకు ఇస్లాంలో వున్న గౌరవం తెలిసినదే. శక్తిని సమకూర్చుకొమ్మని ఆదేశించే అన్ఫాల్ సూరాలోని 60వ ఆయత్‌ను వివరిస్తూ, ఆ శక్తి విలువిద్యయేనని దైవప్రవక్త (సఅసం) మింబరుపై నుండి చెప్పినట్లు హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖించారు. అస్లమ్ తెగవారు విలువిద్యలో పోటీ పడుతుండగా దైవప్రవక్త (సఅసం) వారిని ప్రోత్సహించిన సంఘటన సహీహ్ బుఖారీలో వున్నది. హజ్రత్ ఉఖ్బా (రజి) ముదిమి వయసులో సైతం రెండు గురుల నడుమ అటూ ఇటూ నడుస్తూ సాధన చేసేవారని సహీహ్ ముస్లిం తెలుపుతున్నది.

అయితే ఇంతగా ప్రోత్సహించిన ఆ ప్రవక్తే ఈ విద్యకు ఒక హద్దు కూడా నిర్ణయించారు. ఒక వ్యక్తి అమ్ములు పట్టుకొని మస్జిదులో నడుస్తున్నాడు. వాటి ములుకులను చేతితో పట్టుకోవలసిందిగా ఆయన (సఅసం) అతనిని ఆదేశించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన సంఘటన ఇది. మస్జిదులోనే కాదు, బజారులో వెళ్ళేటప్పుడు కూడా ఇదే నియమమని, ఎవరికీ గాయం కాకూడదన్నదే దీని ఉద్దేశమని హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) ఉల్లేఖనం స్పష్టం చేస్తున్నది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ వ్యక్తి విల్లు ఎక్కుపెట్టలేదు. ఎవరికీ హాని తలపెట్టనూ లేదు. అయినా ములికి వాడి ఎవరికి తగులుతుందన్న చింత దారిన పోయేవారికి వదిలివేయబడలేదు. అమ్ము పట్టినవాని చేతికే అప్పగించబడింది. తోటివాని వైపు ఆయుధం చూపవద్దని, షైతాను దానిని చేజార్చవచ్చునని హెచ్చరించే మరో హదీసు సారాంశం కూడా ఇదే. మనసు మంచిదైనంత మాత్రాన చేయి జారదన్న హామీ లేదు.

తరువాతి కాలపు ధర్మశాస్త్రవేత్తలు ఈ సూత్రాన్ని న్యాయవిచారణలోకి తెచ్చారు. పొరపాటున జరిగే హత్యను వివరించవలసి వచ్చినప్పుడు వారు ఎన్నుకున్న ఉదాహరణ విలుకాడిదే. దీనీ మదర్సాలలో నేటికీ పాఠ్యగ్రంథంగా వున్న ‘హిదాయా’ను రచించిన ఇమాం మర్గీనానీ (మరణం 1197) పొరపాటును రెండు విధాలుగా విభజించారు. మనిషిని వేట జంతువుగా భ్రమించి కొట్టడం మొదటిది. గురికి వేసిన బాణం మనిషికి తగలడం రెండవది. రెండింటిలోనూ హత్యాపాపం లేదు. కాని తగినంత జాగ్రత్త వహించని లోపం మిగిలే వున్నది. అందువల్లనే నిసా సూరాలోని 92వ ఆయత్ ప్రకారం మృతుని కుటుంబానికి దియత్ చెల్లించడంతోపాటు, కొట్టినవాడు బానిసకు విముక్తి కలిగించాలి. అది సాధ్యం కానప్పుడు వరుసగా రెండు మాసాలు ఉపవాసముండాలి. “కావాలని చేయలేదు” అన్న మాట శిక్షను తగ్గిస్తుందే గాని బాధ్యతను తుడిచివేయదు.

మమ్లూకుల కాలంలో, సుమారు 1368లో, తైబుగా అనే విలువిద్యాచార్యుడు అరబీలో ఒక శిక్షణా గ్రంథం వ్రాశాడు. అల్లెతాడు ముంజేతికి కొట్టుకోవడం వంటి గాయాలు ఏ లోపం వల్ల కలుగుతాయో అందులో చర్చించాడు. దెబ్బ తగిలితే ఓర్చుకొమ్మనడం కాదు, దాని కారణం వెదకి సరిదిద్దడమే అతని పద్ధతి. నారి లాగే బొటనవ్రేలికి రక్షణగా ధరించే ఉంగరం ఆ సంప్రదాయంలోనిదే. షాజహాను చక్రవర్తిదైన అటువంటి పచ్చరాతి ఉంగరం, హిజ్రీ 1040 (1630) నాటిది, హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో వున్నది. చక్రవర్తి వ్రేలికైనా రక్షణ అవసరమేనని ఆ చిన్న వస్తువు చెబుతున్నది.

నేటి అంతర్జాతీయ పోటీల నియమాలు ఈ దృష్టితో చూస్తే పరాయివిగా తోచవు. రెండు ఈలలకు విలుకాండ్రు గీత వద్దకు రావాలి. ఒక ఈలకు బాణాలు వేయాలి. మూడింటికి ఆపి, వాటిని తెచ్చుకోవాలి. అయిదు లేక అంతకు మించిన ఈలలు ప్రమాద సూచన. వినగానే అందరూ ఆపివేయాలి. చేజారిన బాణం రక్షిత ప్రదేశం దాటిపోయేటంత ఎత్తుగా విల్లు లాగరాదు. గురి నుండి బాణం పెరికేటప్పుడు వెనుక ఎవరూ నిలబడరాదు. బాణపు వెనుక కొస కంటికి తగలవచ్చును.

ఈ జాగ్రత్తలు అనవసరమని భావించేవారు 2020 జనవరిని గుర్తు చేసుకోవాలి. అస్సాంలోని ఛబువాలో సాధన జరుగుతుండగా పన్నెండేళ్ళ బాలికకు భుజం వద్ద బాణం దిగింది. ఢిల్లీకి తరలించి శస్త్రచికిత్సతో దానిని తీయవలసి వచ్చింది. ఆమె బ్రతికి బయటపడింది. బాణం వేసినవారికి ఆమెపై పగ వుండి కాదు. ‘హిదాయా’ చెప్పిన రెండవ విధం పొరపాటు ఎలా వుంటుందో ఆ ఒక్క బాణం చూపింది.

గురి తప్పిన బాణాన్ని మళ్ళీ వేయవచ్చు. విడిచిన బాణాన్ని వెనక్కు పిలవలేము. కనుక హకీంపేటలోనైనా మరెక్కడైనా విల్లు పట్టే బిడ్డకు గురి కంటే ముందు నేర్పవలసిన పాఠం ఒకటున్నది: ఎదుట ఎవరైనా వున్నారేమో చూచుకొని చేయి ఆపుకోవడం. మదీనా మస్జిదులో ములికి పట్టుకొమ్మన్న ఆదేశం నేర్పినది ఇదే.