జన్మతః నేరప్రవృత్తి: మెదడు, సంకల్పం, బాధ్యత

మనిషి తన పనిని స్వేచ్ఛగా ఎంచుకుంటాడా, లేక పుట్టుక, మెదడు నిర్మాణం దాన్ని ముందే నిర్ణయిస్తాయా అన్న ప్రశ్న ప్రయోగశాలలకు చేరకముందే తెలుగు ప్రాంతంలో పాలనా విధానమైంది. నేరమూ కులవృత్తిలా తరతరాలకు సంక్రమిస్తుందన్న భావనతో 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి విస్తరించగా, అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, కంభం, గిద్దలూరు దాని పరిధిలోకి వచ్చాయి. పాలకులు ఈ సంక్రమణను రక్తగతంగా కాక వృత్తిగతంగానే ఊహించారని కొందరు పరిశోధకులు చెబుతారు. ఆ చట్టం నడిచిన తీరును బట్టి ఇదే సమంజసంగా తోస్తుంది.

ఆ చట్టం కిందికి వచ్చిన ఎరుకల తెగలో ఒక శాఖ కోస్తా ఉప్పును పశువుల మీద లోతట్టు ఊళ్లకు చేరవేసి బతికేది. 19వ శతాబ్ది చివర నల్లమల దాటి గిద్దలూరు, కంభం, మార్కాపురం మీదుగా పడిన రైలు మార్గం వంటివీ, ప్రభుత్వ ఉప్పు విధానమూ ఆ జీవనాధారాన్ని దెబ్బతీశాయి. చట్టం మాత్రం ఈ కారణాలను విడిచి, తెగనే ప్రకటించి, ఏ నేరమూ చేయనివారికి కూడా వేలిముద్రలు, హాజరు, ప్రయాణ నిషేధాలు విధించింది. ఇలా ప్రకటితమైనవారిని ఉంచేందుకు బాపట్ల సమీపాన క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం స్థావరం 1913లో ఏర్పడిందని కొందరు, 1914లో అని మరికొందరు అంటారు. అది ఒక్కరోజున వెలిసింది కాదు గనుక 1913-14 అనడమే మేలు. పుట్టుకే నడతను నిర్ణయిస్తే బాధ్యత తగ్గాలి. ఇక్కడ అదే వాదం శిక్షకు ఆధారమైంది. ఇది ఆ చట్టంలోని అతిపెద్ద అన్యాయం.

పుట్టుకే నడతను నిర్ణయిస్తుందన్న ఊహను ఆధునిక నాడీశాస్త్రం బలపరచదు. నాడీశాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ 1983 ప్రయోగంలో, చేయి కదలడానికి సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో సన్నాహక సంకేతం (కదలికకు ముందు క్రమంగా పెరిగే విద్యుత్ మార్పు) మొదలైంది. కదపాలన్న కోరిక తెలిసింది దాదాపు 200 మిల్లీసెకన్ల ముందు మాత్రమే. అయితే ఆ పెరుగుదల యాదృచ్ఛిక హెచ్చుతగ్గుల ఫలితం కావచ్చని షూర్గర్ బృందం 2012లో చూపింది. మెదడు రసాయనాలను విచ్ఛిన్నం చేసే ఎంఏఓఏ ఎంజైమును తక్కువగా తయారుచేసే జన్యురూపానికి, దుష్ప్రవర్తనకు ఉన్న సంబంధం బాల్యంలో హింసకు గురైనవారిలోనే ప్రస్ఫుటమైందని కాస్పి బృందం 2002లో ప్రకటించింది. తరువాతి అధ్యయనాలన్నీ దీన్ని ఒకేలా సమర్థించలేదు.

నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. నేడు భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్, పూర్వపు శిక్షాస్మృతి 84వ సెక్షన్ మాదిరిగానే, పని చేసిన క్షణాన మతిస్థిమితం లేక దాని స్వభావాన్ని గాని, అది తప్పని గాని గ్రహించలేని వ్యక్తికి మినహాయింపునిస్తుంది.